పడవ మీద సొర వేరు, నీళ్లలో సొర వేరు

(వేట నిషేధ కాలంలో కావలి దగ్గర ఒక పట్టపుపాలెంలో మత్స్యకారులు, విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినవారు ఈ తీరంలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు.)

ఊరి పెద్దలైన పెద్దకాపులకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. ముత్తుకూరు ఫిషరీ కాలేజీ నుంచి ఇంత ఎండలో వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగిపోతుంది కాబట్టి ఇంతమందిని ఒక్కచోట చూడగలుగుతున్నాను. మామూలు రోజుల్లో ఈ పాటికి సగం మంది సముద్రం మీదే ఉంటారు.

నన్ను పిలిచిన అన్నవాళ్లు ఒకటే మాట చెప్పారు. "నువ్వు అక్కడ సొరల పక్కన తిరుగుతావంట కదా, అదేందో మా పిల్లోళ్లకి చెప్పు" అన్నారు. వలలో పడ్డ సొర చేప గురించి ఇక్కడున్న పెద్దలకి తెలిసినంత నాకు తెలియదు. ఏ కాలంలో వస్తుంది, ఎన్ని బారల లోతులో దొరుకుతుంది, ఏ వలకి పడుతుంది, ఇవన్నీ మీ దగ్గర నేను నేర్చుకోవాల్సినవి. నేను చెప్పేది మిగతా సగం. అది నీళ్లలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను.

ఆలోచించండి, మీరు సొరను చూసేది ఎప్పుడు? గాలం మింగి, లేదా వల చుట్టుకుని, గంటల తరబడి పెనుగులాడి, చివరికి పడవ మీద పడ్డాక. అప్పుడది చావు బతుకుల మధ్య ఉంటుంది. నోటికి ఏది అందితే అది పట్టుకుంటుంది. పడవ మీద సొర కరిస్తే గాయం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ జంతువును ఆ స్థితిలో చూసి "ఇది నీళ్లలో ఇంకెంత భయంకరంగా ఉంటుందో" అనుకోవడం సహజమే. కానీ నీళ్లలో అది అలా ఉండదు. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలుచుకున్నది అదే.

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర, అంటే పాత పేరు హేవ్‌లాక్, జానీస్ గార్జ్ అని ఒక డైవింగ్ చోటు ఉంది. లోతు మన లెక్కలో పదిహేను బారలకు, అంటే 27 మీటర్లకు అటూ ఇటూ. అడుగున రాళ్లు, రాళ్ల మధ్య ఇసుక. ఆ ఇసుక మీద రెక్క కొస తెల్లగా ఉండే సొరలు పొట్ట ఆనించి పడుకుని ఉంటాయి. మనిషంత పొడవు, కొన్ని ఇంకా చిన్నవి. మేం మోకాళ్ల మీద కూర్చోం, అడుగు తాకం, ఊపిరితోనే నీళ్లలో బరువు సరిచూసుకుని అలా తేలుతూ చూస్తాం. దాని నోరు కొద్దిగా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అది మూసుకున్నప్పుడల్లా పక్కనున్న ఐదు మొప్ప చీలికలు కదులుతాయి. కంట్లో నల్లగుడ్డు నిలువు చీలికలా ఉంటుంది. మనం దూరంగా ఉండగానే ఆ కన్ను మన వైపు తిరుగుతుంది. మనం అక్కడే ఆగిపోతే తనూ అలాగే ఉంటుంది. ఇంకా దగ్గరికి పోతే ఒక్కసారి తోక కొట్టి లేచి వెళ్లిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పైకి వచ్చాక నన్ను అడిగే మొదటి ప్రశ్న, "సార్, అది మమ్మల్ని చూసి భయపడిందా?" అని. అవును, నూటికి తొంభై పాళ్లు జరిగేది అదే.

సొర ఈదడం ఆపితే చచ్చిపోతుందని చాలామంది నమ్ముతారు. కొన్ని జాతుల విషయంలో ఇది నిజం. అవి నోరు తెరిచి ముందుకు పోతుంటేనే మొప్పల్లోకి నీళ్లు వెళ్తాయి. కానీ అన్నీ అలా కాదు. యూజెనీ క్లార్క్ అని అమెరికాలో గొప్ప శాస్త్రవేత్త ఉండేవారు. 1970ల్లో ఆమె మెక్సికోలో ఇస్లా ముహేరెస్ దగ్గర నీటి అడుగు గుహల్లోకి దిగి, కదలకుండా పడుకున్న సొరలను దగ్గరగా చూసి వచ్చి ప్రపంచానికి చెప్పారు. అంతకుముందు 1958లోనే ఆమె సొరలకు ఒక పలకను ముక్కుతో తోస్తే ఆహారం దొరుకుతుందని నేర్పించారు. సొరకు బుర్ర లేదు, ఉన్నదల్లా నోరే అనే మాట అప్పుడే తప్పని తేలిపోయింది. మన ఆడపిల్లలు కొందరు ఈ సభకు వచ్చారు కాబట్టి ఆ పేరు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక రక్తం సంగతి. ఒక్క చుక్క రక్తం పడితే మైళ్ల దూరం నుంచి సొర పరిగెత్తుకొస్తుందని అందరం విన్నాం. దాని వాసన శక్తి చాలా ఎక్కువ, ఆ మాట నిజమే. కానీ వాసన దానంతటది ప్రయాణం చేయదు కదా. నీటి వాలు, అంటే ప్రవాహం, ఎటుందో అటే పోతుంది, పోవడానికి టైం పడుతుంది. దూరం నుంచి సొరను ముందుగా పిలిచేది చప్పుడు. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. గాయపడ్డ చేప కొట్టుకుంటుంటే వచ్చే మోటు చప్పుడు దానికి బాగా వినబడుతుంది. మీ వలలో చేప కొట్టుకుంటున్నప్పుడు సొర వచ్చి వల చించడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. డైవర్లు చేపను పొడిచి నడుముకి కట్టుకుని ఈదకూడదని మేం చెప్పేది కూడా ఇందుకే.

ఇంకో శక్తి ఉంది, అది మనకు అసలు లేనిది. సొర మూతి కింద చూస్తే సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కోసేటప్పుడు నొక్కితే వాటిలోంచి జిగురు వస్తుంది, మీరు చూసే ఉంటారు. 1678లో లోరెంజీని అనే ఇటలీ ఆయన వీటి గురించి వివరంగా రాశాడు. అవి ఎందుకున్నాయో తేలడానికి మాత్రం దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. బతికున్న ప్రతి ప్రాణి ఒంట్లోనూ అతి కొద్దిగా కరెంటు ఉంటుంది. ఆ రంధ్రాలు దాన్ని పసిగడతాయి. ఇసుకలో కప్పుకుపోయి కంటికి ఆనని చేపను కూడా సొర అలా పట్టేస్తుంది. ఒళ్లు బల్లపరుపుగా ఉండే టేకు చేపలకీ, మూతి రంపంలా ఉండే రంపపు చేపకీ కూడా ఈ శక్తి ఉంది. రంపపు చేప రంపం నిండా ఇవే.

ఇప్పుడు మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. సొర కరవబోయే ముందు చెబుతుంది. అన్ని జాతులూ, అన్నిసార్లూ అని నేను అనను. పెద్ద తెల్ల సొర కింద నుంచి ఒక్కసారిగా వచ్చి కొడుతుంది. కానీ పగడపు దిబ్బల దగ్గర తిరిగే బూడిద రంగు సొరను తీసుకోండి. దాన్ని తరిమినా, రాళ్ల మధ్య మూలకి నెట్టినా అది వీపు పైకి వంచుతుంది, పక్క రెక్కలు కిందికి దించుతుంది, మూతి పైకెత్తుతుంది, ఒళ్లంతా అటూ ఇటూ మెలితిప్పుతూ బిగుసుకున్నట్టు ఈదుతుంది. మామూలుగా సాఫీగా పోయే జంతువు అలా ఈదిందంటే "ఇక దగ్గరికి రావద్దు" అని చెబుతోందన్నమాట. అప్పుడు మేం చేసేది ఒకటే. దాని దారి వదిలి, దాని వైపే చూస్తూ, చేతులు ఆడించకుండా మెల్లగా వెనక్కి జరుగుతాం. వీధి కుక్క ఎదురైతే పరిగెత్తొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది గుర్తు తెచ్చుకోండి. ఇక్కడా అంతే, వెనక్కి తిరిగి కాళ్లు టపటపా కొట్టుకుంటూ పారిపోతే వెంటపడాలనే బుద్ధి దానికి మనమే పుట్టించినవాళ్లం అవుతాం.

నీళ్లలో ఇంకో చిక్కు ఉంది, అది కంటిది. అద్దం పెట్టుకుని నీళ్లలో చూస్తే ప్రతి వస్తువూ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. ఆరడుగుల సొర ఎనిమిది అడుగులుంటుంది కంటికి. కొత్తవాళ్లకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. టెన్షన్ వస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి అయిపోతుంది, పైకి దూసుకుపోవాలనిపిస్తుంది. నేను నేర్పే పనిలో చూసినంతవరకు సొర వల్ల వచ్చే ప్రమాదం కన్నా, సొరను చూసి కంగారుపడి పైకి దూసుకుపోవడం వల్ల వచ్చే ప్రమాదమే నిజమైనది. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. మనిషి ప్రాణం పోవడానికి ఒకటిన్నర బారల లోతు కూడా చాలు.

ఫ్లోరిడాలో ప్రపంచమంతా జరిగే సొర కాట్ల లెక్క రాసే సంస్థ ఒకటి ఉంది. మనిషి రెచ్చగొట్టకుండా జరిగిన కాట్లు ఏడాదికి సగటున 60, 70 మధ్యలో ఉంటాయి. చనిపోయేవాళ్లు సగటున ఆరుగురు. ఆ కాట్లలో ఎక్కువ భాగం అలల మీద పలకలతో ఆడేవాళ్లకి, ఈదేవాళ్లకి. డైవర్లు చాలా తక్కువ. మన దేశంలో ఇలాంటివి జరగవని మాత్రం అనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో వైతరణా ఏట్లో చేపలు పడుతున్న ఒకతని పిక్కను సొర కొరికేసింది. బుల్ షార్క్ అనే జాతి ఉప్పునీళ్లు దాటి మంచినీళ్లలోకి కూడా చాలా దూరం వెళ్లగలదు. నది కలిసే చోట, నీళ్లు బురదగా ఉన్నప్పుడు, పొద్దు వాలాక మెడలోతు నీళ్లలో నిలబడకపోవడం మంచిది. పెన్న కలిసే చోటైనా, కృష్ణపట్నం ఏరైనా ఇదే మాట.

మరి మేం నిజంగా ఒళ్లు దగ్గర పెట్టుకునేది దేని దగ్గర? అండమాన్‌లో ఉప్పునీటి మొసలి దగ్గర. 2010లో హేవ్‌లాక్‌లోనే పైన తేలుతూ ఈదుతున్న ఒక విదేశీ అమ్మాయిని మొసలి చంపేసింది. మొసలి ఉన్న ఏటి మొగ దగ్గర దిగనివ్వం, అక్కడ మాటల్లేవు. రెండోది ట్రిగ్గర్ ఫిష్. మోచేతి పొడవుంటుంది, అంతే. గుడ్లు పెట్టిన కాలంలో మగవీ ఆడవీ గూడు కాపలా కాస్తాయి. గూడు నుంచి పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు లాంటి జాగా అంతా తమదే అనుకుంటాయి. ఆ చేప మీదికొస్తే పైకి పోకూడదు, పైకి పోతే ఇంకా దాని జాగాలోనే ఉంటాం. పక్కకి పోవాలి. సొరల మధ్య నిశ్చింతగా తిరిగిన డైవర్లు ఈ చేప కనబడితే చుట్టు తిరిగి వెళ్తారు.

మూడోది టేకు చేప, అది మీకూ రోజూ ఎదురయ్యేదే. 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియాలో స్టీవ్ ఇర్విన్ అనే పేరున్న జంతు ప్రేమికుడు టేకు ముల్లు గుండెలో దిగి చనిపోయాడు. టేకు తనంతట తాను వెంటపడి పొడవదు. ఇసుకలో పడుకున్నప్పుడు తొక్కితేనో, మీద వంగి దారి మూస్తేనో తోక విసురుతుంది. లోతు లేని నీళ్లలో నడిచేటప్పుడు పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే అది ముందే తప్పుకుంటుంది. పొడిస్తే ఏం చేయాలో బాగా వినండి. కాలికో చేతికో అయితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, బొబ్బ ఎక్కేంత కాదు, గాయాన్ని గంట, గంటన్నర ముంచి ఉంచాలి. వేడికి ఆ విషం పని తగ్గుతుంది, నొప్పి దిగుతుంది. మంచు పెట్టొద్దు. తర్వాత తప్పకుండా ఆస్పత్రికి పోవాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది. అదే ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో గుచ్చుకుంటే ముల్లు పీకొద్దు. కదలకుండా పట్టుకుని అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చరిత్రలోంచి ఒక మాట చెప్పి అసలైన పెద్ద జంతువు దగ్గరికి వస్తాను. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మన మోటుపల్లి గురించి రాశాడు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన ఊరు. ఇంకా కిందికి, తమిళ తీరంలో ముత్యాల కోసం మునిగేవాళ్ల గురించి కూడా రాశాడు. అక్కడ సొరల నోళ్లు కట్టడానికి మంత్రగాళ్లు ఉండేవాళ్లంట. దొరికిన ముత్యాల్లో ఇరవయ్యో వంతు వాళ్లకి ఇవ్వాలి. మంత్రం పగలు మాత్రమే పనిచేసేది, రాత్రి తీసేసేవాళ్లు, దొంగతనంగా ఎవరూ మునగకుండా. తర్వాత బ్రిటిష్ వాళ్ల కాలంలో కూడా సొర మంత్రగాడికి సర్కారే డబ్బులిచ్చింది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. సిలిండరు లేదు, అద్దం లేదు, రాయి బరువుతో దిగే మనిషి. తనకేమీ కాదనే ధైర్యంతో దిగినవాడు నీళ్లలో కొట్టుకోడు, కంగారుపడడు. అలాంటి మనిషి జోలికి సొర రావడం అరుదు. మంత్రం సొర మీద పనిచేసిందో లేదో గానీ మునిగేవాడి గుండె మీద పనిచేసిందని నా నమ్మకం. ఇవాళ మేం అదే ధైర్యాన్ని శిక్షణతో ఇస్తున్నాం. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి తయారు చేసిన, సిలిండర్ గాలిని పీల్చుకునే పరికరం వల్లే నీళ్లలో నింపాదిగా ఉండి చూసే అవకాశం మనుషులకి వచ్చింది. అప్పటిదాకా సొర గురించి రాసినవాళ్లు దాదాపు అందరూ పడవ మీద నుంచి చూసి రాసినవాళ్లే.

తిమింగల సొర. చేపలన్నిటిలోకీ పెద్దది. 18 మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే పది బారలు. మీ ఫైబర్ బోటు కంటే పొడవు. దాన్ని నీళ్లలో చూసినప్పుడు ముందు జంతువు కనబడదు. నీళ్లు ఒక చోట ముదురు రంగులోకి మారినట్టుంటుంది. తర్వాత ఆ ముదురులో తెల్ల చుక్కలు తేలుతాయి. అప్పుడు అర్థమవుతుంది అది మన వైపే వస్తోందని. నోరు మీటరుకు పైగా వెడల్పు, తల కొసనే ఉంటుంది. ఆ నోటి ముందు వేలెడంత పసుపు చేపపిల్లలు దాని దారిలోనే ఈదుతుంటాయి. కన్ను చాలా చిన్నది. ఆ కంటి గుడ్డు మీద కూడా పంటి పదార్థంతో చేసిన చిన్న చిన్న పొలుసులు ఉంటాయని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. పక్కగా పోతుంటే ఒంటి మీద పొడవుగా గట్లు కనిపిస్తాయి, పొట్ట కింద అంటుకున్న చేపలు కనిపిస్తాయి. చివర తోక, ఒక మనిషి కంటే పొడుగు. అది అటూ ఇటూ కదులుతుంటే నీటి ఒరవడి మన ఒంటికి తెలుస్తుంది. ఇంత జంతువు తినేది కంటికి సరిగా కనబడని నలుసులు, చిన్న రొయ్యలు, చేప గుడ్లు. దానివల్ల ప్రమాదం ఒక్కటే, తోక దారిలో మనం ఉండడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో నింగలూ అనే చోట ఒంటికి 3 మీటర్లు, తోకకి 4 మీటర్లు దూరం ఉండాలని నిబంధన. ఫ్లాష్ కొట్టకూడదు, తాకకూడదు.

తాకడం గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. నేను ఒకప్పుడు పనిచేసిన చోట, ఫొటో కోసం ఒక టూరిస్టు పడుకున్న సొరను తోక పట్టి లాగాడు. పైకి వచ్చాక యజమాని అతన్ని ఒక్క మాట అనలేదు, పైగా ఫొటో బాగుందన్నాడు. ఆ ఉద్యోగం నేను మానేశాను. ఫిలిప్పీన్స్‌లో ఓస్లోబ్ అనే ఊళ్లో రోజూ చిన్న రొయ్యలు వేసి తిమింగల సొరలను పడవల దగ్గరికి అలవాటు చేశారు. వేల మంది వచ్చి చూస్తారు, ఊరికి డబ్బు వస్తుంది. కానీ ఎక్కడెక్కడో తిరగాల్సిన జంతువు ఆ పడవల దగ్గరే ఉండిపోతోంది, వాటి ఒంటి మీద పడవల దెబ్బలు. ఆ పద్ధతి మన తీరానికి ఎవరైనా తెస్తామంటే ఒప్పుకోవద్దని ముందే చెబుతున్నాను.

ఆ చుక్కల గురించి కాలేజీ పిల్లలకి ఒక సంగతి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు తిమింగల సొరల చుక్కలూ ఒకటిగా ఉండవు. మరి వేల ఫొటోల్లో ఏది ఏదో ఎలా పోల్చాలి? హబుల్ టెలిస్కోపు ఫొటోల్లో నక్షత్రాల గుంపులను పోల్చడానికి వాడే లెక్క ఒకటి ఉంది. దాన్నే తీసుకుని 2005లో చుక్కలను పోల్చే పద్ధతి తయారు చేశారు. ప్రపంచమంతా డైవర్లు తీసిన ఫొటోలు ఇప్పుడు అలా కలుస్తున్నాయి. ఒక దేశంలో కనబడ్డ చేప ఏళ్ల తర్వాత ఇంకో చోట కనబడితే అదే అని తెలుస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు మనల్ని సముద్రం మీదికి పోనివ్వరు కదా. ఆ అంతరిక్షం పని, ఈ చేప పని ఒక చోట ఇలా కలిశాయి. దానికి కావలసింది ఎడమ పక్క ఫొటో, మొప్పల వెనక, పక్క రెక్క పైనున్న భాగం స్పష్టంగా ఉండాలి. పెద్ద కెమెరా అక్కర్లేదు. వల పక్కకు వచ్చిన చేపను పడవ మీద నుంచి ఫోన్‌తో తీసినా, ఆ చుక్కలు కనిపిస్తే చాలు.

ఇది వలలో పడితే ఏం చేయాలి? 2001లో ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టింది. పులికి ఎంత రక్షణో దీనికి అంత. అప్పటిదాకా గుజరాత్‌లో కాలేయం నూనె కోసం, మాంసం కోసం దీన్ని వేటాడేవాళ్లు. 2004 నుంచి అక్కడ మత్స్యకారులతోనే మాట్లాడి, వల కోసి వదిలేస్తే వలకి నష్టపరిహారం ఇస్తూ వందల చేపలను విడిపించారు. 2021 డిసెంబరులో మన రాష్ట్రంలోనే, అప్పటి విశాఖ జిల్లా తంతడి తీరానికి ఒకటి కొట్టుకొస్తే అటవీశాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. మీ వలలో పడితే వల కోయండి. తోకకి తాడు కట్టి ఈడ్చొద్దు, మొప్పల్లో చేయి పెట్టొద్దు, దాని మీద ఎక్కొద్దు. తెగిన వలను ఫొటో తీసి పెట్టుకోండి, ఆఫీసులో అడగడానికి ఆధారం ఉంటుంది. వల ఖరీదు ఎంతో నాకు తెలుసు. అందుకే వల కోయమని చెప్పేవాళ్లే ఆ పరిహారం సంగతి కూడా చూడాలని మత్స్యశాఖ వాళ్లు ఎదురుగా ఉండగానే అంటున్నాను.

రంపపు చేప కూడా 2001 జాబితాలోనే ఉంది. ఇక్కడున్న తాతలను అడుగుతున్నా, మీరు దాన్ని చివరిసారి ఎప్పుడు చూశారు? ఆ రంపమే దానికి శత్రువు అయింది, ఏ వల తగిలినా చుట్టుకుపోతుంది. దొరికితే రంపం విరగ్గొట్టొద్దు. రంపం లేకపోతే అది వేటాడుకుని బతకలేదు. రంపం చుట్టూ వల కోసి వదలండి. 2022 చట్ట సవరణతో జాబితా ఇంకా పెరిగింది, సొరలు, టేకులు చాలా చేరాయి. బొమ్మలతో ఉన్న పటం ఒకటి హార్బర్‌లో పెట్టించమని మత్స్యశాఖ వాళ్లను అడగండి. తెలియక పట్టి కేసుల్లో ఇరుక్కోవడం ఎవరికీ మంచిది కాదు. సొర రెక్కల ఎగుమతి 2015 నుంచి నిషేధమని కూడా గుర్తుంచుకోండి.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, సముద్రం మధ్యలో తిరిగే సొరలు, టేకులు 1970తో పోలిస్తే 71 శాతం తగ్గిపోయాయని 2021లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. కారణం ఎక్కువగా వేటే. మామూలు చేప లక్షల గుడ్లు పెడుతుంది. సొర అలా కాదు, ఏళ్ల తరబడి పెరిగి, నెలల తరబడి మోసి, కొద్ది పిల్లలను ఈనుతుంది. మాంటా అనే పెద్ద టేకు రెండు మూడేళ్లకి ఒక్క పిల్లను ఈనుతుంది. పట్టినంత వేగంగా అవి పుట్టలేవు.

తినే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాలింతకి సొర పిట్టు పెడితే పాలు పడతాయని మన ఇళ్లలో నమ్మకం. నేనూ ఆ పిట్టు తిని పెరిగినవాణ్ణే. అయితే సముద్రంలో పాదరసం చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోయేకొద్దీ పేరుకుంటుంది. పెద్ద సొరలో అది ఎక్కువ. అమెరికాలో ఆహార శాఖ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు తినకూడని చేపల్లో సొరను రాసింది. కాబట్టి అక్కలారా, బాలింతకి పెద్ద సొర మాంసం మాత్రం వండి పెట్టకండి.

తాబేలు గురించి చెప్పకుండా దిగిపోలేను, ఎందుకంటే మన నెల్లూరు, ప్రకాశం తీరంలో ప్రతి జనవరి, ఫిబ్రవరిలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి అవే. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. వలలో చిక్కి పైకి రాలేక మునిగిపోతుంది. వల లాగేటప్పటికి కదలకుండా ఉంటే చచ్చిపోయిందనుకుని వెంటనే నీళ్లలోకి విసిరేస్తారు. అప్పుడు నిజంగా చస్తుంది. అలా చేయకండి. పడవలో నీడన, పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనక భాగం జానెడు ఎత్తు లేపండి. లోపలి నీళ్లు దిగుతాయి. తడి గుడ్డ కప్పండి, ముక్కు మూయొద్దు. కొన్నిటికి నాలుగైదు గంటలు పడుతుంది, కొన్నిటికి ఒక రోజు పడుతుంది. కదలిక వచ్చాక ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి పక్క నుంచి మెల్లగా దించండి. ఇది డబ్బు ఖర్చు లేని పని.

చివరగా, డైవింగ్ ఉద్యోగం గురించి అడిగిన తమ్ముళ్లకి. నెల్లూరు తీరంలో నీళ్లు బురదగా ఉంటాయి, నదులు తెచ్చే మన్ను వల్ల. టూరిస్టు డైవింగ్ కావాలంటే అండమాన్, పుదుచ్చేరి, లక్షద్వీప్ పోవాలి. పోర్టుల్లో ఓడల అడుగు చూసే పని వేరు, దానికి వేరే శిక్షణ, అక్కడ చేతి తడుముడే తప్ప కన్ను పనిచేయదు. ఏదైనా సరే, శిక్షణ లేకుండా కంప్రెసర్ పైపు నోట్లో పెట్టుకుని దిగే పనికి మాత్రం ఎవరెంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దు. లోతులో ఎక్కువసేపు ఉంటే నత్రజని ఒంట్లో కరుగుతుంది. గబగబా పైకొస్తే అది బుడగలై కీళ్లలో, వెన్నులో చేరుతుంది. కాళ్లు పడిపోయినవాళ్లున్నారు. మేం నిమిషానికి 9 మీటర్లు మించకుండా లేస్తాం, పైకి వచ్చే ముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. మీ పిల్లలు ఈత వచ్చినవాళ్లు, సముద్రం తెలిసినవాళ్లు. పదో తరగతి ఆపకుండా, కాస్త ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుని వస్తే ఈ పనిలో మిగతావాళ్ల కంటే ముందుంటారని నా అనుభవంతో చెబుతున్నాను. ఆడపిల్లలకి కూడా ఇందులో చోటుంది, మా దగ్గర నేర్పేవాళ్లలో ఆడవాళ్లున్నారు.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఆ చెల్లెలు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తే ఉంది, ముందు మైకు ఆమెకి ఇవ్వండి.